దూరదేశపు కుటుంబానికి ఇచ్చిన విరాళం: దాత చేయి దాటాక ఏం జరుగుతుంది?

ఎక్కడో ఒక దేశంలో అంటువ్యాధి ముదిరిందని వార్త వస్తుంది. రెండు రోజులు తిరక్కముందే విరాళాల విజ్ఞప్తులు మొదలవుతాయి. ఒక తల్లి, ఇద్దరు పిల్లలు ఉన్న ఫొటో, దాని కింద 'మీరిచ్చే 50 డాలర్లతో ఈ కుటుంబానికి నెల గడుస్తుంది' అనే వాక్యం. చూసినవాళ్లలో కొందరు వెంటనే ఇచ్చేస్తారు. మరికొందరికి అనుమానం: ఇందులో వాళ్లకు చేరేదెంత, మధ్యలో తినేవాళ్లెందరు?

అనుమానం సబబైనదే. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ ప్రాంతంలో అన్ని ఇళ్లుండగా ఈ ఇంటినే ఎవరు ఎంచారు, ఏ లెక్కన ఎంచారు? విదేశీ సాయం మీద నడిచే వాదాలు చాలామటుకు ఎవరికివ్వాలన్న ఈ జాబితా దగ్గరికే వచ్చి ఆగుతాయి. అది అర్థం కావాలంటే కాస్త మొదటి నుంచి రావాలి.

## రోగం ఒకరికి, దెబ్బ ఇంటిల్లిపాదికి

ఆరోగ్య సంక్షోభం అనగానే మనకు ఆసుపత్రి, మందులు, డాక్టర్లు గుర్తొస్తారు. కుటుంబాలు చితికిపోయేది మాత్రం తరచుగా ఆసుపత్రి బయట. క్షయ రోగుల ఇళ్లలో ఎంత ఖర్చవుతోందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో చాలా దేశాలు సర్వేలు చేశాయి. జబ్బు వల్ల అయిన ఖర్చు, పోయిన ఆదాయం కలిపి ఇంటి ఏడాది ఆదాయంలో 20 శాతం దాటితే ఆ కుటుంబం మీద మోయలేని భారం పడినట్టు లెక్క. దాదాపు సగం ఇళ్లు ఆ గీత దాటాయి. క్షయ మందులు చాలా దేశాల్లో ఉచితమే. మరి ఖర్చెక్కడిది? పనికి పోలేని రోజుల జీతం, ఆసుపత్రికి రానుపోను చార్జీలు, బలమైన తిండి, రోగికి తోడుగా వెళ్లినవాళ్ల ఆదాయం కూడా పోవడం.

ఎబోలా సమయంలో ఇది ఇంకా తీవ్రంగా కనిపించింది. 2014–16 మధ్య గినియా, లైబీరియా, సియెరా లియోన్‌లలో 28,600కు పైగా కేసులొచ్చాయి, 11,300 మందికి పైగా చనిపోయారు. సియెరా లియోన్‌లో ఒకరికి సోకితే ఆ ఇంట్లోవాళ్లందరినీ 21 రోజులు ఇంట్లోనే ఉంచేవారు. ఏ రోజు సంపాదన ఆ రోజు తినే ఇంటికి మూడు వారాలంటే చిన్న విషయం కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ అలాంటి ఇళ్లకు తిండి గింజలు చేర్చింది. దాన్ని దయ అనుకోవచ్చు, అంటువ్యాధిని ఆపే పని అనీ అనుకోవచ్చు. తిండి అందని ఇల్లు ఎన్నాళ్లని తలుపులు మూసుకుని కూర్చుంటుంది?

అందుకే ఆరోగ్య సంక్షోభంలో 'సాయం' అన్న మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి వైద్యానికి, రెండోది ఇల్లు గడవడానికి. ఈ వ్యాసం రెండోదాని గురించి.

## డబ్బు ఏ దారుల్లో వెళ్తుంది

అన్నిటికంటే పెద్ద దారి సేవాసంస్థలది కాదు, విదేశాల్లో పనిచేసే బంధువులది. కోవిడ్ మొదలైన కొత్తల్లో, 2020 ఏప్రిల్‌లో, పేద, మధ్యాదాయ దేశాలకు వలసకార్మికులు పంపే డబ్బు 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. తీరా చూస్తే తగ్గింది 1.6 శాతమే. తామే ఇబ్బందుల్లో ఉండి కూడా వాళ్లు ఆ ఏడాది దాదాపు 54,000 కోట్ల డాలర్లు ఇళ్లకు పంపారు. ప్రభుత్వాలు, సంస్థలు, దాతలు కలిసి ప్రపంచమంతా ఇచ్చిన అత్యవసర మానవతా సాయం అదే ఏడాది సుమారు 3,100 కోట్ల డాలర్లు. తేడా చూడండి. కాకపోతే బంధువుల డబ్బుకు ఒక హద్దుంది: బయట ఎవరో ఒకరున్న ఇంటికే అది వెళ్తుంది. మరీ పేద ఇళ్లలో వలస వెళ్లడానికి కావాల్సిన పెట్టుబడి కూడా ఉండదు.

రెండో దారి ఆన్‌లైన్ విరాళాల సేకరణ, అంటే క్రౌడ్‌ఫండింగ్. ఒక కుటుంబం తన కథను తానే చెప్పుకుని నేరుగా జనాన్ని అడుగుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ కథ బాగా చెప్పగలిగినవాళ్లకు, సోషల్ మీడియాలో పరిచయాలు ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ వస్తుంది. పైగా పెద్ద వేదికలు చాలావరకు కొన్ని దేశాల బ్యాంకు ఖాతాలకే డబ్బు జమ చేస్తాయి. ఆ జాబితాలో లేని దేశపు కుటుంబం తరఫున సంపన్న దేశంలో ఉన్న పరిచయస్తుడెవరో వసూలు చేసి పంపాలి. అతని నిజాయితీయే ఇక గ్యారంటీ.

మూడోది అంతర్జాతీయ సేవాసంస్థలు. నాలుగోది ఉమ్మడి నిధులు: చాలామంది ఇచ్చింది ఒకచోట పోగేసి, అవసరాన్ని బట్టి పంచుతారు. 2020 మార్చి 13న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం మొదలైన కోవిడ్ సంఘీభావ నిధి ఇలాంటిదే, 24 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఇక్కడ దాతకు ఏ కుటుంబమూ కనిపించదు. ఫొటో చూసి ఇచ్చే అలవాటున్నవాళ్లకు ఇదొక వెలితి.

## 'ఈ ఇంటికే ఇవ్వండి' అంటే సంస్థలు ఎందుకు తటపటాయిస్తాయి

ఫొటోలో ఉన్న కుటుంబానికే తన డబ్బు వెళ్లాలని దాత కోరుకోవడం సహజం. సంస్థలు చాలావరకు దీనికి ఒప్పుకోవు. కారణాలు రెండు.

మొదటిది చట్టం. ఉదాహరణకు అమెరికాలో విరాళానికి పన్ను మినహాయింపు కావాలంటే, ఆ డబ్బును ఎలా వాడాలో నిర్ణయించే అధికారం సంస్థ చేతిలో ఉండాలి. ఫలానా వ్యక్తికి ఇవ్వమని దాత షరతు పెట్టి ఇస్తే అది చట్టం దృష్టిలో ఆ వ్యక్తికి ఇచ్చిన బహుమతి, విరాళం కాదు. సంస్థ పోస్ట్‌మన్ పాత్ర పోషిస్తే కుదరదన్నమాట.

రెండోది సంక్షోభం స్వభావం. ఫొటో తీసిన ఇంటికి ఐదొందలమంది పంపితే పక్కింటి సంగతేంటి? ఇదే చిక్కు దేశాల స్థాయిలోనూ వస్తుంది. 2004 డిసెంబర్ సునామీ తర్వాత కొద్ది రోజులకే, 2005 జనవరిలో, వైద్యసేవల సంస్థ ఎంఎస్ఎఫ్ ఒక అరుదైన పని చేసింది. సునామీ పేరుతో మాకిక డబ్బు అక్కర్లేదు, వచ్చింది చాలు అని ప్రకటించింది. అప్పటికే ఇచ్చినవాళ్లను, మిగిలింది వేరే సంక్షోభాలకు వాడుకోవడానికి అనుమతి అడిగింది. కొన్ని సంస్థలకు కోపమొచ్చింది, ఇలా చెబితే జనం ఇవ్వడమే మానేస్తారని. మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నిజం చెప్పిన సంస్థ మీద తిట్లు పడటం కాస్త విచిత్రమే, కానీ తిట్టినవాళ్ల భయం కూడా ఊరికే పుట్టింది కాదు.

షరతుల్లేని విరాళమైతే సంస్థకు వెసులుబాటు ఉంటుంది. కానీ దాత దాని మీద ఒక కన్నేసి ఉంచడం కష్టమవుతుంది. ఈ రెండింటి మధ్య ఎవరూ పూర్తి పరిష్కారం కనిపెట్టలేదు.

## వస్తువులివ్వాలా, డబ్బివ్వాలా

1988లో ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి పంపారు. అందులో ఏముందో తేల్చుకోవడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. 8 శాతం మందులకు వచ్చేసరికే గడువు తీరిపోయింది, 4 శాతం మంచుకు పాడయ్యాయి. మిగిలినవాటిలో తేలిగ్గా గుర్తుపట్టగలిగినవి 30 శాతమే. ఇలాంటి అనుభవాలు పోగుపడ్డాకే 1996లో మందుల విరాళాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు వచ్చాయి: తీసుకునే దేశం అడిగినవే పంపాలి, వచ్చేసరికి కనీసం ఏడాది గడువు మిగలాలి, లేబుల్ అక్కడి వైద్య సిబ్బందికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

ఇంటి అవసరాల విషయంలో ఇప్పుడు మొగ్గు నగదు వైపుంది. ఒకరికి అద్దె బాకీ, ఇంకొకరికి బియ్యం, మరొకరికి బస్సు చార్జీ కావాలి. డబ్బైతే ఎవరిది వాళ్లు చూసుకుంటారు. తాగుడుకు తగలేస్తారన్న భయాన్ని చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలు బలపరచలేదు. ధరలు పెరుగుతాయన్నది ఇంకొక భయం. పశ్చిమ కెన్యాలో దాదాపు 10,500 పేద కుటుంబాలకు ఒక్కొక్కరికి సుమారు 1,000 డాలర్లు ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్లలో ఏం జరిగిందో ఆర్థికవేత్తలు పరిశీలించారు. ధరలు పెరిగింది నామమాత్రం, 0.1 శాతం. ఇచ్చిన ప్రతి డాలరుకూ ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థలో రెండున్నర డాలర్ల దాకా లావాదేవీల విలువ పెరిగింది, డబ్బు అందుకోని ఇళ్లకూ మేలు జరిగింది.

అయితే ఇది మామూలు రోజుల ఫలితం. ఆ ఊళ్లలో సంతలు నడుస్తున్నాయి, సరుకు వస్తోంది. అంటువ్యాధి వచ్చి రోడ్లు మూసేస్తే, దుకాణాల్లో సరుకు లేకపోతే, చేతిలో నోటు పెట్టుకుని ఏం కొంటారు? 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలా దేశాలు మాస్కులు, రక్షణ దుస్తుల ఎగుమతులు ఆపేశాయి. డబ్బున్న ఆసుపత్రులకే దొరకలేదు. క్వారంటైన్‌లో ఉన్న ఇంటికి ఆహారం మూటే కావాలి, ఆక్సిజన్ కావాల్సిన చోట సిలిండరే కావాలి. 'నగదే మేలు' అన్న వాదం సరైనదే, బజారు తెరిచి ఉన్నంతవరకు.

## అసలు చిక్కుముడి: జాబితా

ఒక ప్రాంతంలో 10,000 ఇళ్లున్నాయి, డబ్బు 800 ఇళ్లకే సరిపోతుంది. ఎవరికివ్వాలి? ఏ పద్ధతి పెట్టినా రెండు రకాల తప్పులు జరుగుతాయి. అర్హులు జాబితాలో లేకపోవడం ఒకటి, అనర్హులు ఉండటం రెండోది. ఒకదాన్ని తగ్గించబోతే ఇంకొకటి పెరుగుతుంది. నిబంధనలు బిగిస్తే కాగితాలు లేని పేదవాడు బయటపడిపోతాడు, సడలిస్తే పలుకుబడి ఉన్నవాడు లోపలికొస్తాడు.

దీన్ని ఒక లెక్కలో చూద్దాం. ఈ అంకెలు ఊహించినవి, విషయం అర్థం కావడానికి మాత్రమే. రెండు సంస్థలకు చెరో లక్ష డాలర్ల విరాళం వచ్చింది. ఒక్కో కుటుంబానికి 100 డాలర్లు ఇవ్వాలని ఇద్దరి ఉద్దేశం.

మొదటి సంస్థ జీతాలు, ఇంటింటి సర్వే, ఫిర్యాదుల ఫోన్ లైన్, బదిలీ చార్జీల కింద 27,000 ఖర్చు పెట్టింది. మిగిలిన 73,000తో 730 ఇళ్లకు సాయం అందింది. సర్వే జాగ్రత్తగా జరగడం వల్ల అందులో 90 శాతం నిజంగా అవసరమున్నవి: 657 ఇళ్లు.

రెండో సంస్థ ఖర్చు 12,000 మాత్రమే. తమ ప్రకటనలో '88 శాతం నేరుగా పేదలకే' అని గర్వంగా వేసుకుంది. సర్వే చేయలేదు, స్థానిక పెద్దలిచ్చిన జాబితానే తీసుకుంది. 880 ఇళ్లకు డబ్బు వెళ్లింది. కానీ అందులో అవసరమున్నవి 60 శాతమే: 528 ఇళ్లు.

నిర్వహణ ఖర్చు తక్కువున్న సంస్థ దగ్గరే అసలైన పేద ఇళ్లకు అందింది తక్కువ. ఇలాగని ఖర్చు ఎక్కువైన ప్రతి సంస్థా బాగా పనిచేస్తుందని కాదు. ఆ 27,000 పెద్ద ఆఫీసు అద్దెకూ పోవచ్చు. ఆ శాతం ఒక్కటే చూస్తే ఏ సంగతీ తెలియదు. 2013లో అమెరికాలో సేవాసంస్థలకు రేటింగులు, సమాచారం ఇచ్చే మూడు సంస్థలు, గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్, దాతలకు ఒక బహిరంగ లేఖ రాశాయి. నిర్వహణ ఖర్చుల శాతాన్ని బట్టే సంస్థను తూచకండి అన్నది దాని సారాంశం. ఆ అలవాటు పెరగడంలో ఇలాంటి రేటింగుల పాత్రా ఉంది మరి.

చిక్కేమిటంటే నా లెక్కలోని 90, 60 శాతాలు నిజ జీవితంలో ఎవరి వెబ్‌సైట్‌లోనూ కనిపించవు. నిర్వహణ ఖర్చు ఖాతా పుస్తకంలో దొరుకుతుంది. జాబితా ఎంత సరైనదో తెలియాలంటే మళ్లీ వెళ్లి ఇళ్లు తిరగాలి. దానికీ ఖర్చవుతుంది, ఆ ఖర్చు మళ్లీ నిర్వహణ ఖాతాలోనే పడుతుంది.

## ఇంటింటికీ వెళ్లలేనప్పుడు జాబితా ఎలా తయారైంది

అంటువ్యాధి సమయంలో సర్వే సిబ్బందే రోగాన్ని మోసుకెళ్లే ప్రమాదముంది. ఈ ఇబ్బందిని ఆఫ్రికాలోని టోగో ఎలా దాటిందో చూడాల్సిందే. లాక్‌డౌన్ పెట్టిన కొద్ది రోజులకే, 2020 ఏప్రిల్ 8న, ఆ ప్రభుత్వం 'నోవిస్సీ' అనే నగదు పథకం మొదలుపెట్టింది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్ నుంచి ఒక కోడ్ డయల్ చేసి ఓటరు కార్డు నంబరిస్తే చాలు. ఓటర్ల జాబితాలో నమోదైన వృత్తిని బట్టి అసంఘటిత రంగంలో పనిచేసేవాళ్లను గుర్తించి మొబైల్ మనీ ఖాతాలో డబ్బు వేశారు. రాజధాని లోమే ప్రాంతంలో నెలకు ఆడవాళ్లకు 12,250, మగవాళ్లకు 10,500 సీఎఫ్ఏ ఫ్రాంకులు. ఇంటి అవసరాలు ఎక్కువగా చూసేది ఆడవాళ్లేనన్న ఆలోచనతో వాళ్లకు కాస్త ఎక్కువిచ్చారు.

పల్లెలకు వచ్చేసరికి ఇది సరిపోలేదు. అక్కడ దాదాపు అందరి వృత్తీ వ్యవసాయమే, అందులో ఎవరు మరీ పేదవాళ్లో ఎలా తెలుస్తుంది? గివ్‌డైరెక్ట్‌లీ అనే సేవాసంస్థ, కొందరు పరిశోధకులు ప్రభుత్వంతో కలిశారు. ఉపగ్రహ చిత్రాలను బట్టి నిరుపేద ప్రాంతాలు వంద ఎంచారు. ఆ పైన ఫోన్ వాడకం తీరును కంప్యూటర్‌తో విశ్లేషించి వ్యక్తులను ఎంచారు. కాల్స్ ఎన్ని, రీచార్జ్ ఎంత అన్నదాన్ని బట్టి ఆదాయాన్ని అంచనా వేయడమన్నమాట. తర్వాత వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రాంతాన్ని బట్టో వృత్తిని బట్టో ఎంచడం కంటే దీనివల్ల అర్హులు జారిపోవడం తగ్గింది. అయితే ఇంటింటి వివరాలతో తయారైన పూర్తిస్థాయి రిజిస్టర్ ఉండి ఉంటే ఇంకా తక్కువమంది జారిపోయేవాళ్లని అదే అధ్యయనం చెప్పింది. టోగోలో అలాంటి రిజిస్టర్ అప్పటికి లేదు.

మెచ్చుకునేవాళ్లు వేగాన్ని చూపిస్తారు, అధికారుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేకపోవడాన్ని చూపిస్తారు. విమర్శించేవాళ్లు అడిగేదీ గట్టి ప్రశ్నే. ఫోన్ లేని ముసలావిడ సంగతేంటి? 'నన్నెందుకు తీసేశారు' అని అడిగితే, కంప్యూటర్ అలా లెక్కేసింది అన్న జవాబుతో ఎవరు సరిపెట్టుకుంటారు? స్థానిక పెద్ద తప్పు చేస్తే కనీసం అతని ఇంటిముందు గొడవ పడొచ్చు.

ఇంకొందరు జాబితానే వద్దంటారు. ఊరు ఊరంతా పేదదైతే అందరికీ కొద్దికొద్దిగా ఇవ్వండి, అసూయలుండవు, లంచాలుండవు అని వాళ్ల వాదన. అందరికీ పంచితే ఒక్కొక్కరికి వచ్చేది దేనికీ చాలదన్నది దానికి ఎదురువాదం. మరీ పేద ప్రాంతాల్లో మొదటి వాదానికి బలమెక్కువ, ధనిక, పేద ఇళ్లు కలిసి ఉండే నగరాల్లో రెండోదానికి.

## దొంగతనాలు ఎక్కడ జరిగాయి

జరగలేదని ఎవరూ అనరు. ఎబోలా సాయంలో సుమారు 60 లక్షల డాలర్లు మోసాలపాలయ్యాయని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాఖ్య 2017లో వెల్లడించింది. సియెరా లియోన్‌లో సిబ్బందికి ఒక స్థానిక బ్యాంకు ఉద్యోగులతో కుమ్మక్కు, గినియాలో కస్టమ్స్ క్లియరెన్స్‌కు దొంగ బిల్లులు, లైబీరియాలో సామగ్రి ధరలు, జీతాలు పెంచి చూపడం. గమనిస్తే ఇవన్నీ కుటుంబం దాకా రాకముందే, కొనుగోళ్లు, లెక్కలు జరిగే చోట పడిన చిల్లులు.

డబ్బు నేరుగా ఫోన్‌కు పంపితే ఈ బెడద పోతుందని ఒక ఆశ. కొంతవరకు నిజమే. అదే సియెరా లియోన్‌లో ఎబోలా సిబ్బంది జీతాలు నగదు నుంచి మొబైల్ ద్వారా ఇవ్వడానికి మారాక, నెలకు పైగా పట్టే చెల్లింపు వారానికి తగ్గింది, దొంగపేర్లు బయటపడ్డాయి. కానీ ఫోన్ దారిలోనూ సందులున్నాయి. గివ్‌డైరెక్ట్‌లీయే 2022లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలోని దక్షిణ కివూలో దాదాపు 9 లక్షల డాలర్లు పోగొట్టుకుంది, 1,700కు పైగా కుటుంబాలకు రావాల్సిన సొమ్ము. సాయుధ ముఠాల భయం వల్ల అక్కడ ఒక మినహాయింపు ఇచ్చారు: లబ్ధిదారుల సిమ్‌కార్డుల నమోదు పని సిబ్బందికి అప్పగించారు. ఆ సిబ్బందిలోనే కొందరు సిమ్‌లు తమ చేతిలో పెట్టుకున్నారు. సంస్థ ఈ సంగతిని తనే బయటపెట్టింది.

ఇక్కడ తేలిగ్గా పొరబడే అవకాశముంది. మోసాన్ని ప్రకటించిన సంస్థ చెడ్డదిగా, ఏమీ ప్రకటించనిది మంచిదిగా కనిపిస్తుంది. ఫిర్యాదు చేసే ఫోన్ నంబరే లేని చోట ఫిర్యాదులు సున్నా ఉంటాయి.

## డబ్బు సరిహద్దు దాటడానికి పడే తిప్పలు

200 డాలర్లు వేరే దేశానికి పంపితే ప్రపంచ సగటున 6 శాతానికి పైగా చార్జీలకే పోతోంది. 2030 నాటికి దాన్ని 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. ఆంక్షలున్న దేశాలకైతే చార్జీ సంగతి తర్వాత, అసలు బ్యాంకులు పంపడానికే జంకుతాయి. పొరపాటున ఆంక్షల జాబితాలో ఉన్నవాడి చేతిలో పడితే భారీ జరిమానా, ఈ టెన్షన్ ఎందుకని ఖాతానే మూసేస్తాయి. 2022 డిసెంబర్‌లో భద్రతామండలి 2664వ తీర్మానంతో తన ఆస్తుల స్తంభన ఆంక్షల నుంచి మానవతా సాయానికి మినహాయింపు ఇచ్చింది. చట్టపరంగా దారి తెరుచుకుంది. బ్యాంకు లాభనష్టాల లెక్క మాత్రం అలాగే ఉంది: చిన్న బదిలీ మీద వచ్చే ఆదాయం కొంచెం, భయం ఎక్కువ.

ఇన్ని చేతులు మారకుండా స్థానిక సంస్థలకే నేరుగా ఇవ్వొచ్చుగా? 2016లో 'గ్రాండ్ బార్గెయిన్' ఒప్పందంలో పెద్ద దాతలు, సంస్థలు అదే అన్నాయి: 2020 నాటికి సాయంలో కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు ఇస్తామని. ఆ గడువు దాటిపోయింది, లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆడిట్ నివేదికలు, ఇంగ్లిష్‌లో రాసిన ప్రతిపాదనలు, మోసం జరిగితే నష్టాన్ని భరించే స్తోమత దాతలు కోరతారు. చిన్న సంస్థకు ఇవేవీ ఉండవు. కోవిడ్‌లో విమానాలు ఆగి విదేశీ సిబ్బంది రాలేనప్పుడు మాత్రం క్షేత్రంలో పనంతా చేసింది వాళ్లే.

## అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించాక

సియెరా లియోన్‌లో ఎబోలా వ్యాప్తి ఆగిందని 2015 నవంబర్ 7న ప్రకటించారు. అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్చి 29న ఎత్తేసింది. బతికి బయటపడ్డవాళ్లలో చాలామందికి ఆ తర్వాత కూడా కీళ్ల నొప్పులు, కంటి లోపల వాపు ఉండిపోయాయి. వాపు ముదిరితే చూపు పోతుంది. చూపు మందగించినవాడు పాత పనికి పోలేడు, కొందరికి వెలి భయంతో పనిచ్చేవాళ్లే కరవయ్యారు. వీళ్ల కుటుంబాలకు సాయం అవసరమైన కాలం నెలలది కాదు, ఏళ్లది.

విజ్ఞప్తులకు వచ్చే డబ్బు తీరు దీనికి తలకిందులు. టీవీలో కనిపించిన వారాల్లో కుప్పలుగా వస్తుంది, కేసులు సున్నాకు చేరేసరికి ఆగిపోతుంది. పైగా అత్యవసర సాయం పేరుతో వచ్చిన డబ్బును ఇన్ని నెలల్లోపు ఖర్చు పెట్టాలని చాలా మంది పెద్ద దాతలు గడువు పెడతారు. షరతుల్లేని విరాళాలున్న సంస్థలు కంటి క్లినిక్‌లు కొంతకాలం నడపగలిగాయి. మిగిలినవి పనిని అక్కడి ఆరోగ్య శాఖకు అప్పగించి వెళ్లిపోయాయి. ఎబోలా అప్పటికే తన నర్సులను, డాక్టర్లను వందల సంఖ్యలో బలితీసుకున్న శాఖ అది.